పన్నెండూ ఇరవై లెక్క: గిడుగు రామమూర్తి పంతులుగారు

ప్రతి సంవత్సరం మన కాలేజీలో ఏదో ఒక సెక్షన్ వాళ్ళు అరకు ఎక్స్‌కర్షన్ వెళ్ళడం ఆనవాయితీ. కిరండూల్ ప్యాసింజర్‌లో కిటికీ పక్క సీటు కోసం దెబ్బలాడుకోవడం, టన్నెల్ వచ్చినప్పుడల్లా ఈలలు వెయ్యడం, బొర్రా గుహలు చూడ్డం, గ్రూపు ఫోటో దిగి తిరిగి రావడం - ఇంతే మనకు తెలిసిన మన్యం. ఆ కొండలు అరకుతో ఆగిపోవనీ, ఈశాన్యంగా పార్వతీపురం, సీతంపేటల మీదుగా పర్లాకిమిడి దాటి ఒడిశాలోకి సాగిపోతాయనీ మనలో చాలామందికి తోచదు. అరకు వైపు కొండల్లో కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒరియా వినపడితే, ఆ ఈశాన్యపు కొసన సవర భాష వినపడుతుంది. ఆ భాష నేర్చుకోవాలనుకునేవాడికీ, ఆ భాషలో చదువుకోవాలనుకునేవాడికీ కావలసిన పుస్తకాలను ఒక్కటొక్కటిగా పేర్చడంలో జీవితంలో ముఖ్యభాగం ఖర్చుపెట్టిన ఒక స్కూలు మాస్టారి కథ ఇది. ఆయన పేరు మనకు కొత్త కాదు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం సభల్లో దండ వేసేది ఆయన ఫోటోకే. అయితే ఆ సభల్లో వ్యావహారిక భాషోద్యమం గురించి చెప్పి ఊరుకుంటారు. సవర సంగతి ఒక వాక్యంలో తేలిపోతుంది. నేను లెక్కల విద్యార్థిని. నాకు ఆ ఒక్క వాక్యమే అసలు కథ అనిపించడానికి ఒక కారణం ఉంది.

ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకని సీతంపేట పైన ఒక సవర గూడెంలో పది రోజులున్నాం. సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పడం నా వంతు. తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రాడికి ఒక సమీకరణం ఇచ్చాను. ఏదో ఒక సంఖ్యకు 55 కలిపితే 99 అయింది, ఆ సంఖ్య ఎంత? చాలా చిన్న లెక్క. వాడు పలక మీద ఏమీ వెయ్యలేదు. చరరాశి అంటే ఏమిటో, పక్షాంతరం చెయ్యడం అంటే ఏమిటో అడిగితే తల వంచుకున్నాడు. ఏదో గొణుక్కుని, వేళ్ళు కూడా ముడవకుండా, 44 అని చెప్పాడు. ఎలా వచ్చిందంటే చెప్పలేకపోయాడు. చెప్పాడేమో గాని, ఇరవైలనీ పన్నెండనీ ఏదో అన్నాడు, అందులో నాకు 55 గానీ 99 గానీ ఎక్కడా కనపడలేదు. పక్కవాడిది చూసి చెప్పాడనుకుని మందలించాను కూడా. ఆ మందలింపు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది. క్యాంపు నుంచి వచ్చాక లైబ్రరీలో గిడుగు వారి సవర పుస్తకాల గురించి చదివేదాకా వాడేం చేశాడో నాకు అర్థం కాలేదు. అది తర్వాత చెబుతాను. ముందు పంతులుగారి సంగతి.

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూలో చిన్న ఉద్యోగి. ఆయన పోయేనాటికి కుర్రవాడికి పన్నెండేళ్ళు. విజయనగరంలో మేనమామగారింట ఉండి మహారాజావారి స్కూల్లో చదువుకున్నారు. అక్కడ క్లాస్‌మేట్ గురజాడ అప్పారావు. ఒకే బెంచీల మీంచి ఇద్దరు అలాంటివాళ్ళు లేచి రావడం మన విజయనగరానికే చెల్లింది! మెట్రిక్ పాసయ్యాక పై చదువుకు డబ్బు లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్ఫై రూపాయల జీతం మీద మాస్టరుగా చేరారు. అప్పటికి ఆయన కూడా మన జూనియర్ ఇంటర్ కుర్రాడి వయసువాడే. ఉద్యోగం చేస్తూనే ప్రయివేటుగా కట్టి 1886లో ఎఫ్.ఏ., 1894లో బి.ఏ. పాసయ్యారు. ముఖలింగం గుడి శాసనాల లిపి ఎవరూ నేర్పకుండానే కూడబలుక్కుని చదివి గాంగ రాజుల చరిత్ర మీద వ్యాసాలు రాశారు. తెలియని లిపి ముందు బెదరకపోవడం ఆయనకు అక్కడే అలవాటైంది.

పర్లాకిమిడి కొండల అంచున ఉన్న ఊరు. సంతరోజున సవరలు కొండ దిగి వచ్చేవారు. చింతపండు, అడ్డాకులు, అల్లం లాంటివి దించి, ఉప్పూ గుడ్డా కొనుక్కుని వెళ్ళేవారు. బేరం చేసే షావుకారుకు వాళ్ళ భాష రాదు, వాళ్ళకు షావుకారు లెక్క రాదు. కోర్టులోనైనా, కచేరీలోనైనా మధ్యవర్తి ఎంత చెబితే అంతే. ఊళ్ళో చదువుకున్నవాళ్ళకు ఇదేమీ వింతగా అనిపించలేదు. చరిత్ర పాఠం చెప్పే ఈ మాస్టారుకు మాత్రం, ఆ పిల్లలకు ఎవరు చదువు చెబుతారు, ఏ భాషలో చెబుతారు అనే ప్రశ్న పుట్టింది. రెండు భాషలూ వచ్చిన ఒక మనిషిని తెచ్చి ఇంట్లోనే పెట్టుకున్నారు. భోజనం పెట్టి, జీతమిచ్చి, ఆయన దగ్గర శిష్యరికం చేశారు. బ్రాహ్మణ గృహస్థుడు ఆ రోజుల్లో ఆ పని చేస్తే అగ్రహారం ఏమనుకుని ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇక్కడ మన లెక్కలవాళ్ళ కథ ఒకటి చెప్పుకోవాలి. లండన్‌లో కార్ అని ఒక ట్యూటర్ ఉండేవాడు. పరీక్షలకు కుర్రాళ్ళను తయారుచెయ్యడం ఆయన వృత్తి. ఆ పనికోసం బీజగణితం, సమీకరణాలు, త్రికోణమితి మొదలుకొని వేలకొద్దీ ఫలితాలను నంబర్లు వేసి, ఒకదాని వెనక ఒకటి పేర్చి, 1886 నాటికి సినాప్సిస్ అనే పుస్తకం పూర్తిచేశాడు. గొప్ప పుస్తకమేమీ కాదు. కాని వరస ఉంది. వెనకటి నంబరు పట్టుకుంటే ముందుది అందుతుంది. 1903లో అది కుంభకోణంలో ఒక కుర్రాడి చేతిలో పడింది. ఆ కుర్రాడు రామానుజన్. ఇది మనందరికీ తెలిసిన కథే. కాని ఇందులో మనం గమనించని విషయం ఒకటుంది. రామానుజన్‌కు ఆ పుస్తకం పనికొచ్చిందంటే ఆయనకు అప్పటికే ఇంగ్లీషు అక్షరాలు, అరబిక్ అంకెలు, దశాంశ పద్ధతి వచ్చును. మెట్లు ఎక్కడ మొదలయ్యాయో అక్కడికి ఆయన ముందే చేరి ఉన్నాడు. సరిగ్గా ఆ కాలంలోనే పర్లాకిమిడిలో రామమూర్తి పంతులుగారు మొదటి మెట్టుకన్నా కిందినుంచి, నేల చదును చేసుకుంటూ కడుతున్నారు.

సవరకు అప్పట్లో లిపి లేదు. అది తెలుగుకు గానీ ఒరియాకు గానీ చుట్టం కాదు. ముండా భాషల కుటుంబంలోది. దూరపు చుట్టరికం వెతికితే అటు కాంబోడియా, వియత్నాం దాకా పోతుంది. మాట మధ్యలో గొంతు ఠక్కున మూసి తెరిచే ధ్వని ఒకటి ఆ భాషలో ఉంది. దానికి తెలుగులో అక్షరం లేదు. ఆ నొక్కు ఉందా లేదా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. ఇంకో చిక్కు. సవరలో పులి, మాంసం, చెయ్యి లాంటి మాటలకు నిండు రూపం ఒకటి, పొట్టి రూపం ఒకటి ఉంటాయి. మాంసం తింటున్నాను అనాలంటే మాంసం అనే మాట పొట్టిదై క్రియ కడుపులోకి దూరిపోతుంది. మొత్తం వాక్యం ఒకే మాట అయిపోతుంది. విన్నవాడు నిఘంటువు తీసి ఎక్కడ వెతకాలి? నిండు రూపం దగ్గరా, పొట్టి రూపం దగ్గరా, క్రియ దగ్గరా? బ్రాకెట్లో ఇరుక్కున్న గుణకాన్ని బయటికి తీస్తే తప్ప బీజగణితంలో లెక్క ముందుకు పోనట్టే, ఇక్కడ మాటను విప్పి చూపిస్తే తప్ప నేర్చుకునేవాడికి దారి దొరకదు. నిఘంటువంటే మాటలు పోగెయ్యడం కాదు, పోగేసినవి తిరిగి దొరికేలా పెట్టడం. ఈ రెండో పనికే పంతులుగారికి ఎక్కువ ఏళ్ళు పట్టింది.

ఆయన నిఘంటువుతో మొదలుపెట్టలేదు. ఇది నాకు చాలా నచ్చిన విషయం. ముందు పిల్లలకు వాచకాలు. తర్వాత వాళ్ళు పాడుకునే పాటలు, చెప్పుకునే కథలు. ఆ పైన తెలుగు నుంచి సవరకు, సవర నుంచి తెలుగుకు మాటల పుస్తకాలు. అచ్చయిన పుస్తకం ఒకటి చేతిలో ఉంటే చాలదని తెలుసు కాబట్టి సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, మాస్టర్లకు జీతాలిచ్చారు. ముప్ఫై రూపాయలతో మొదలైన జీతంలోంచి ఇంకొకళ్ళకు జీతాలివ్వడం ఎలా కుదిరిందో ఆ ఇల్లాలిని అడగాలి! మద్రాసు ప్రభుత్వం పుస్తకాలు మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, అది నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టించండి అన్నారు. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది.

కొండల్లో తిరిగితే కొండజ్వరం తప్పదు. మలేరియా పట్టుకుంది. ఆ రోజుల్లో దానికి మందు క్వినైన్ ఒక్కటే. ఆ మందు ఆయన ప్రాణం కాపాడింది గాని చెవులు తీసుకుపోయింది. వినికిడి తగ్గిపోయింది. గొంతులో ఠక్కుమనే ఆ చిన్న నొక్కును పట్టుకోవడానికి కొండలెక్కినవాడికి ఈ శిక్ష! తర్వాతి జీవితమంతా ఎదుటివాడు చెప్పేది వినడానికే అవస్థపడ్డారు. అయినా పని ఆపలేదు. ఇంట్లో చేదోడుగా కొడుకు సీతాపతిగారున్నారు. ఆయనా తర్వాత సవర విషయాల్లో పండితుడిగా పేరు తెచ్చుకున్నారు.

వ్యావహారిక భాషోద్యమం సంగతి మీకు తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. ముప్ఫై ఏళ్ళ సర్వీసు తర్వాత 1911లో రిటైరయ్యారు. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్ళు పండితులతో వాదం. ఊరూరా సభలు. గద్య చింతామణి కోసం పాత వచన గ్రంథాలు గాలించి, పూర్వులు కూడా వాడుక రూపాలు రాశారని ఉదాహరణల మీద ఉదాహరణలు పేర్చారు. అక్కడా అదే బుద్ధి: వాదానికి ముందు సామగ్రి, సామగ్రికి ఒక వరస. చాలామంది ఈ రెండింటినీ ఆయన చేసిన రెండు వేరు పనులుగా చూస్తారు. నాకలా అనిపించదు. సవర పిల్లాడికి తెలుగులో పాఠం చెబితే ఏమవుతుందో కళ్ళారా చూసినవాడికి, తెలుగు పిల్లాడికి గ్రాంథికంలో పాఠం చెబితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మన లెక్కల పుస్తకాల్లో చరరాశి, బహుపది, సజాతి పదాలు, పక్షాంతరం - ఇవి ఏ తెలుగింట్లో ఏ అమ్మ మాట్లాడే మాటలు? తెలుగువాడికే ఇవి రెండో భాష. కొండమీది పిల్లాడికి మూడో భాష.

ఇప్పుడు ఆ కుర్రాడి లెక్కకు వస్తాను. సవరలో ఒకటి నుంచి పన్నెండు దాకా విడివిడి పేర్లున్నాయి. మనకు పది దగ్గర తిరిగే మలుపు వాళ్ళకు పన్నెండు దగ్గర తిరుగుతుంది. పన్నెండు మిగ్గల్. ఏడు గుల్జి. పంతొమ్మిదికి వాళ్ళు మిగ్గల్-గుల్జి అంటారు, అంటే పన్నెండూ ఏడూ. ఇరవై దగ్గర ఇంకో మలుపు. అక్కడినుంచి ఎన్ని ఇరవైలో చెప్పి, పైన పన్నెండు ఉంటే చెప్పి, ఇంకా మిగిలింది చెబుతారు. ముప్ఫై అయిదంటే ఇరవై, పన్నెండు, మూడు. తొంభై మూడంటే నాలుగిరవైలు, పన్నెండు, ఒకటి. పన్నెండూ ఇరవై కలిసిన ఈ ఎత్తు ప్రపంచ భాషల్లో చాలా అరుదు. భాషాశాస్త్రవేత్తలు సంఖ్యల మీద రాసేటప్పుడు సవరను ప్రత్యేకంగా ఎత్తి చూపడం అందుకే.

మన భాషలో రాసుకుంటే ప్రతి సంఖ్యా ఇలా ఉంటుంది: 20a + 12b + c. ఇందులో b సున్నా కావచ్చు, ఒకటి కావచ్చు. b సున్నా అయితే c సున్నా నుంచి 11 దాకా, పన్నెండు రకాలు. b ఒకటి అయితే c సున్నా నుంచి 7 దాకా, ఎనిమిది రకాలు. పన్నెండూ ఎనిమిదీ ఇరవై. ఒక్క సంఖ్య తప్పిపోదు, ఒక్కటి రెండుసార్లు రాదు. మన క్లాసులో దీన్ని నిరూపించమంటే సగంమంది పెన్ను కొరుకుతారు.

ఇక 99 నుంచి 55 తీసెయ్యండి. 99 అంటే నాలుగిరవైలు, పన్నెండు, ఏడు. 55 అంటే రెండిరవైలు, పన్నెండు, మూడు. ఇరవైల్లోంచి ఇరవైలు పోతే రెండిరవైలు. పన్నెండుకు పన్నెండు చెల్లు. ఏడులోంచి మూడు పోతే నాలుగు. రెండిరవైలు, నాలుగు: 44. ఆ కుర్రాడు చేసింది ఇదే. సజాతి పదాలను వేరుచేసి సంక్షేపించడం అని మన పుస్తకం దేన్నంటుందో దాన్ని వాడు నోటితో చేశాడు. నేను వాడిని కాపీ కొట్టావన్నాను.

మళ్ళీ పంతులుగారి దగ్గరికి. అరవై ఏడో ఏడు దాటాక ఆయన సవర మీద పెద్ద పుస్తకాలు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. 1931లో సవర భాషా మాన్యువల్, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు. మూడూ మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ. ప్రపంచంలో ముండా భాషల మీద పనిచేసేవాళ్ళు ఈనాటికీ ఆ మూడు పుస్తకాలూ ముందు పెట్టుకోవలసిందే.

కాని ఒక మాట దాచకుండా రాయాలి. ఆ మూడు పుస్తకాలూ ఇంగ్లీషులో ఉన్నాయి. సవర మాటలు రోమన్ అక్షరాలకు గుర్తులు తగిలించి వేసినవి. ధ్వని తప్పకుండా పట్టడానికి అంతకన్నా మంచి దారి లేదు, నిజమే. అయితే ఆ వరస ఎవరికి వరస? ఆఫీసరుకు, మిషనరీకి, పండితుడికి. వాచకాలతో, పాటలతో పిల్లాడి వైపు నుంచి మొదలైన అల్మరా, చివరి అర చేరేసరికి పిల్లాడికి అందనంత ఎత్తుకు వెళ్ళింది. దీనికి పంతులుగారిని తప్పుపట్టను. చెవులు వినపడని డెబ్బయ్యేళ్ళ మనిషి, అచ్చువేసే దిక్కు సర్కారు ఒక్కటే. మధ్య అరలు నింపవలసింది తర్వాత వచ్చినవాళ్ళు. ఆ తర్వాతవాళ్ళలో మనమూ ఉన్నాం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులోకి పోయింది. అర్ధశతాబ్దం పైగా ఉన్న ఇల్లు, ఊరు వదిలి ఆయన రాజమహేంద్రవరం వచ్చేశారు. తెలుగుగడ్డ మీదే ఉంటానన్న పంతం. ఆయన పంతం ఆయనది. కాని సవర కొండలు సరిహద్దుకు రెండువైపులా మిగిలిపోయాయి, అటువాళ్ళకు ఒరియా బడి, ఇటువాళ్ళకు తెలుగు బడి. విచిత్రమేమిటంటే అదే 1936లో, అటు గుణుపురం కొండల్లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు తానే ఒక లిపి కట్టాడు. సొరా సొంపెంగ్ అంటారు. అక్షరాలతోబాటు అంకెలు కూడా ఉన్నాయి అందులో. ఒకరు ఆ కొండల్ని విడిచి వెళ్ళిన ఏడే ఇంకొకరు అక్కడే అక్షరాలు చెక్కారు.

రామమూర్తి పంతులుగారు 1940 జనవరి 22న పోయారు. ఆ నెలలోనే, వారం ముందు, పత్రికలవాళ్ళను పిలిచి వాడుకభాషలో రాయమని చెప్పడం ఆయన ఆఖరి ఉపన్యాసం.

తర్వాత 2004లో మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తయారుచేసే పని మొదలైంది. సవర అందులో ఉంది. తెలుగు లిపిలోనే వేశారు. మంచి పని. కాని చిన్న తరగతులు దాటాక, బీజగణితం మొదలయ్యే చోట, ఆ పిల్లాడి చేతికి మళ్ళీ చరరాశే వస్తుంది.

పోయిన వేసవిలో మేం నలుగురం కలిసి నాలుగు పేజీల పట్టిక ఒకటి తయారుచేశాం. హైస్కూలు బీజగణితంలో వచ్చే అరవై మాటలు, ఒక్కోదానికి వాడుక తెలుగులో అర్థం, ఒక చిన్న ఉదాహరణ. అకారాది క్రమంలో పెట్టాం. సైక్లోస్టైల్ రోజులు పోయాయి కాబట్టి జిరాక్స్ తీయించి, మళ్ళీ ఆ గూడెం వెళ్ళినప్పుడు అదే కుర్రాడికి ఇచ్చాం. ముందు నేను వాడికి ఆ పాత మందలింపుకు క్షమాపణ చెప్పుకున్నాను. వాడికది గుర్తే లేదు. కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. అవ్యక్త రాశితో మొదలైన మొదటి పేజీ చూసి పక్కన పెట్టాడు. ఇందులో మా పన్నెండు ఎక్కడుంది సార్ అని అడిగాడు. ఎక్కడా లేదు. ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చుని వాడూ, వాడి అక్కా చెబుతూంటే ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా సవర సంఖ్యలన్నీ మేం రాసుకున్నాం. గొంతు నొక్కు దగ్గర ఏ గుర్తు పెట్టాలో తెలియక ప్రతిసారీ ఆగిపోయాం. పాత నాలుగు పేజీలు పక్కన పడేసి, కొత్త పట్టిక మొదటి పేజీ పైన 99 లోంచి 55 తీసేసే లెక్క వేశాం. ఇప్పటికి ఆరు పేజీలైంది.